ఏడో నంబరు బాతు

మొన్న మోపిదేవి వెళ్ళి తిరిగి వస్తూ బందరు బస్టాండులో గుడివాడ బస్సు కోసం కూర్చుని ఉంటే, నా పక్కనే ఒకాయన వెదురుబుట్టలో రెండు బాతుల్ని పెట్టి, పైన వల కట్టి, కునికిపాట్లు పడుతున్నాడు. నేను ఆయన్ని అడగనైనా అడక్కుండా వంగి, బుట్ట సందుల్లోంచి ఆ బాతుల కాళ్ళు చూశాను. నడుం పట్టేసి చప్పున లేవలేకపోయాను. ఈలోగా ఆయనకి మెలకువ వచ్చి, "కొనేవాళ్ళు రొమ్ము తడిమి చూస్తారు గానీ కాళ్ళు చూస్తారేంటి మామ్మగారూ?" అని నవ్వాడు. ఉత్తినే చూశాన్లే నాయనా అన్నాను. బాతు కనబడితే ముందు దాని కుడికాలు చూడటం నాకు పాతికేళ్ళ అలవాటు. అక్కడ ఉంగరం ఏదీ ఉండదని తెలుసు. తెలిసీ చూస్తాను.

మాది బాతులు మేపే ఇల్లు. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కోతలయ్యాక గుడ్లవల్లేరు రోడ్డు మీదో, పెడన దగ్గరో మూడు నాలుగు వందల బాతులు బారులు తీరి రోడ్డు దాటుతుంటే, బస్సు డ్రైవర్లు హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చి, ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకునేవారు. ఆ మందల వెనక గెడ పట్టుకుని నడిచిన ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. రాలిన గింజా, నత్తా, పురుగూ ఏరుకు తింటూ అవి ముందు నడిచేవి. వాటి వెనక మేము. పెళ్ళయి పిల్లలు పుట్టాక మగవాళ్ళు మందల్ని తోలుకుని దివిసీమ దాకా వెళ్ళేవాళ్ళు, ఆడవాళ్ళం చిన్న బాతుల్నీ పిల్లల్నీ చూసుకుంటూ ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఊరు బంటుమిల్లికి ఇవతల, కాలవ గట్టు మీద. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి నాకు నలభై దగ్గరపడుతున్నాయి, ఒక్క అక్షరం ముక్క రాదు. బస్సుల్ని రంగు చూసి, కండక్టర్ గొంతు విని ఎక్కేదాన్ని.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంకొకరి బాతుల్ని మన మందలో కలిపి మేపడానికి ఒప్పుకుంటే, తీసుకున్నవన్నీ తిరిగి అప్పజెప్పాలి. నక్క ఎత్తుకుపోయినా, తెగులొచ్చి పోయినా, మన మందలోంచి అదే ఈడుది తీసి తలకి తల పెట్టాలి. పెట్టామని చెప్పుకోకూడదు కూడా. చెబితే అవతలివాళ్ళు మొహమాటపడతారు, మనం గొప్పకి పోయినట్టుంటుంది. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వంటకన్నా ముందు నాకు నేర్పిన మర్యాద ఇదే. మా ఇంటి పేరు చెప్పగానే పక్కూళ్ళవాళ్ళు కళ్ళు మూసుకుని బాతుల్ని అప్పగించేవారంటే, ఈ మర్యాద వల్లే. నేను చేసిన తప్పు కూడా ఈ మర్యాదలోంచే పుట్టింది.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పడుతుండగా మా వైపు పిల్లలకి జ్వరాలు తగిలాయి. మెదడువాపు అన్నారు. మా వెనక వీధిలో పదేళ్ళ పిల్లాడు తలనొప్పిగా ఉందని బడి నుంచి వచ్చి పడుకున్నాడు. మూడోనాటికి తల్లిని గుర్తుపట్టలేదు, అయిదోనాటికి లేడు. ఆ తల్లి ఆ తర్వాత చాలా రోజులు సాయంత్రం బడి వదిలే వేళకి వాకిట్లోకొచ్చి నిలబడేది. మా చిన్నదానికి అప్పుడు ఆరేళ్ళు. లేకలేక పుట్టిన ఒక్క నలుసు. పొద్దు వాలుతుంటే దాన్ని ఇంట్లోకి ఈడ్చుకొచ్చి తలుపేసుకుని, వేపాకు పొగ పెట్టి, ఇద్దరం కళ్ళు మండుతూ కూర్చునేవాళ్ళం. ఇంతకన్నా చేయగలిగింది నాకేమీ తెలియదు.

మరుసటి ఏడు వినాయకచవితి ముందర డాక్టరమ్మ వచ్చారు. ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చారు, చిన్నావిడే, ముప్ఫై దాటి ఉండవు. ఆవిడ మనుషులకి వైద్యం చేయరు; పందుల నెత్తురు, కొంగల నెత్తురు, బాతుల నెత్తురు తీసి చూస్తారు. మా ఊళ్ళో నవ్వుకున్నారు. జ్వరం పిల్లలకొస్తే పిట్టలకి పరీక్షలేంటి అన్నారు. ఆవిడ మా అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు. ఈ జబ్బు పురుగు కొంగల్లోనూ బాతుల్లోనూ పందుల్లోనూ ఉంటుందనీ, వరి మళ్ళలో పుట్టే దోమ వాటిని కుట్టి, అదే మూతితో పిల్లల్ని కుడుతుందనీ అన్నారు. బాతుకి మాత్రం ఏమీ కాదుట. తింటుంది, ఈదుతుంది, గుడ్డు పెడుతుంది. జబ్బు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు, కానీ వచ్చిన గుర్తు దాని నెత్తురులో ఉండిపోతుంది. "మనకి చెప్పలేదు కదండీ, అందుకని నెత్తుర్ని అడుగుతాం," అన్నారావిడ. నాకంటే చిన్నదైనా, అంత చదువుకున్నదైనా నన్ను అండీ అనే పిలిచేవారు. నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆవిడే.

పద్ధతి ఇదీ. ఆ వానల్లో పుట్టిన ఇరవై బాతుపిల్లల్ని తెచ్చి, నెత్తురు తీసి, ఏ గుర్తూ లేదని తేలాక ఒక్కోదాని కుడికాలికి అల్యూమినియం ఉంగరం తొడిగారు, దాని మీద నంబరు. వాటిని ఊరి చివర దొడ్లో పెట్టి నేను చూసుకోవాలి. మందలో కలపకూడదు, ఊరు దాటించకూడదు, సాయంత్రం దోమ ముసిరే వేళకి దొడ్లోనే ఉండాలి. పదిహేను రోజులకోసారి ఆవిడ వచ్చి మళ్ళీ నెత్తురు తీసేవారు. మొన్న శుభ్రంగా ఉన్న బాతులో ఇవాళ గుర్తు కనబడితే, ఈ పదిహేను రోజుల్లో జబ్బు దోమ ఈ ఊరికే వచ్చిందని అర్థం. అప్పుడు పిల్లలకి టీకాలు ముందు ఇక్కడ వేయించాలని పైవాళ్ళకి రాస్తారు. ఆ ఏడు టీకా మందు కొంచెమే వచ్చింది, అన్ని ఊళ్ళకీ చాలదు. గుడ్లవల్లేరు వైపు ఒక దొడ్డి, మా ఊళ్ళో ఒకటి పెట్టారు. దివిసీమలో పెట్టడానికి మనుషులు చాలలేదు.

ఉంగరాలు తొడుగుతుంటే మా ఆయన చూసి, "మనిద్దరికీ రేషన్ కార్డుకి మూడేళ్ళుగా నంబరు రాలేదు, బాతులకి పొద్దున్నే వచ్చేసింది," అన్నాడు. వీధిలో ఆడవాళ్ళు నాకు బాతుల నర్సమ్మ అని పేరు పెట్టారు. నాకు లోపల గర్వంగానే ఉండేది. బాతుని ఎడం చంకలో అదిమి, తల వెనక్కి పోనిచ్చి, రెక్క ఎత్తి పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. రెక్క అడుగున నరం దారంలా నీలంగా కనబడేది, డాక్టరమ్మ సన్న సూది గుచ్చి ఇంత నెత్తురు గాజుగొట్టంలోకి తీసి, థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టేవారు. దొడ్డి తడికకి ఒక నోటుబుక్కు వేలాడదీశారు, బాతులకి ఏం జరిగినా అందులో రాయాలని. నాకు రాదని చెప్పడానికి సిగ్గుపడి తలూపాను. ఆవిడ వచ్చినప్పుడల్లా అన్నీ బాగున్నాయా అని అడిగేవారు, బాగున్నాయండి అనేదాన్ని. ఆ బుక్కు వానజల్లుకి ఉబ్బిపోయింది గానీ అందులో గీత పడలేదు.

దసరా పండగ మూడు రోజులుందనగా బావురుపిల్లి దొడ్లోకి దూరి ఒక బాతు మెడ కొరికేసింది. పొద్దున్నే వెళితే ఉంగరం కాలు ఒకటి పైకి లేచి కనబడింది. ఆ నంబరు ఏడని అప్పుడు నాకు తెలియదు. భయం వేసింది, బాతు పోయినందుకు కాదు, పరాయి సొత్తు నా చేతిలో పోయినందుకు. సరిగ్గా అంతకు రెండు రోజుల ముందే మా ఆయన దివిసీమ నుంచి పండక్కని వచ్చాడు, వస్తూ దొడ్లోవాటి ఈడు బాతులు నాలుగు తెచ్చాడు. అక్కడ మా ఆడపడుచు వాళ్ళ పెరట్లోనే మంద కట్టేవాడు. నేను వాటిలో ఒడ్డూ పొడుగూ సరిపోయినదాన్ని ఏరి, చచ్చిన బాతు ఉంగరాన్ని పట్టకారుతో విప్పి దీని కాలికి తొడిగాను. తలకి తల. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే కదా మర్యాద. చచ్చినదాన్ని గట్టవతల పూడ్చిపెట్టి, చేతులు కడుక్కుని, మా అత్తగారుంటే మెచ్చుకునేదని కూడా అనుకున్నాను.

పండగ వెళ్ళిన వారానికి డాక్టరమ్మ వచ్చి నెత్తురు తీసుకెళ్ళారు. ఫలితం దూరాన ఉన్న లాబు నుంచి రావాలి, దీపావళి వెళ్ళాక గానీ రాలేదు. ఆవిడ జీపు దిగుతూనే దొడ్లోకి నడిచి, ఒక బాతుని పట్టుకోమన్నారు. దాని ఉంగరం తిప్పి చూసి, ఏడో నంబరులో గుర్తు వచ్చిందన్నారు. పందొమ్మిదీ శుభ్రంగా ఉండి ఒక్కదానికే రావడం తనకి అంతు పట్టడం లేదన్నారు.

"ఏడో నంబరు ఇక్కణ్ణుంచి ఎక్కడికైనా వెళ్ళిందాండీ?"

"లేదండీ. ఇక్కడే ఉందండీ."

అబద్ధం కాదన్నట్టే వచ్చింది నోట్లోంచి. కానీ ఆ బాతు నా చంకలోనే ఉంది, దాని రెక్క మీద మా ఆయన మంద గుర్తుకి పూసిన గులాబీ రంగు ఇంకా మరకలా ఉంది, నేను మోచేత్తో కప్పేశాను. ఉంగరం అంటే ఒక తల కాదనీ, ఆ ఒక్క ప్రాణి కథంతా అనీ నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ దోమ మా ఊరిది కాదు. మా ఆడపడుచు పెరట్లోది. ఆ పెరట్లో నులకమంచం మీద నాలుగేళ్ళ మేనకోడలు పడుకుంటుంది, బాతుల్ని చూస్తే గాని నిద్రపోదని.

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే తన సంచిలోంచి కాగితాలు తీసి, అనుమానమున్నా పోయినేడు పిల్లాడు పోయిన ఊరు కాబట్టి ఆలస్యం చేయకూడదనీ, టీకాలు ముందు ఇక్కడే వేయించమని రాస్తాననీ, మీ ఇంట్లో పదిహేనేళ్ళలోపు వాళ్ళెవరో చెప్పండనీ అన్నారు. నేను మా చిన్నదాని పేరు చెప్పాను. ఆ పట్టీలో మొదటి పేరు అదే.

మందు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేనేం చేశానో ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను. పిండి రుబ్బాను, గడ్డి కోశాను, బాతులకి నత్తలు చితక్కొట్టాను. ఇవాళ చెబుతాను అనుకుంటూ నిద్రలేచి, సూది పడ్డాక చెబుతాను అనుకుంటూ పడుకున్నాను. టీకా మాట అలా ఉంచండి, పిల్లని దోమతెరలో పడుకోబెట్టండర్రా అని ఒక్క కబురు పంపితే చాలును. మా ఆయన మళ్ళీ అటే వెళ్తూ మా ఆడపడుచుకి ఏమైనా చెప్పాలా అని అడిగాడు కూడా. అంతా బాగున్నామని చెప్పు అన్నాను. దోమతెర మాటెత్తితే నీకెలా తెలుసంటారు. తెలిసిందంటే ఇక్కడికి వచ్చే మందు అటు వెళ్ళిపోతుంది. వెనక వీధి తల్లి వాకిట్లో నిలబడటం రోజూ చూస్తున్నదాన్ని నేను. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఇదొక్కటే.

పన్నెండో రోజు బళ్ళో సూదులు మొదలుపెట్టారు. మా చిన్నది మొదట కూర్చుంది, ఏడవలేదు. దాని చేతి మీద దూది అదిమిపెట్టి, అలా పట్టుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, బావురుపిల్లి దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు. ఆ దూదినే చూశారు. తర్వాత, "ఇది మీకు ఎన్నాళ్ళుగా తెలుసండీ?" అని మాత్రం అడిగారు. అప్పుడు కూడా మీరనే అన్నారు. నువ్వని నాలుగు తిడితే కొంచెం తేలికపడేదాన్నేమో.

ఆ మధ్యాహ్నమే సూదులు ఆపించారు. మిగిలిన మందు ఐసు పెట్టెలో సర్దుకుని, నన్నూ జీపులో ఎక్కించుకుని పులిగడ్డ మీదుగా దివిసీమ వెళ్ళారు. మా ఆయన మందలో బాతుల్ని నేనే పట్టాను, ఆవిడ నెత్తురు తీశారు. తర్వాత తెలిసింది, సగానికి పైగా వాటిలో గుర్తుందని. ఆ రోజు ఇంట్లో మాత్రం మా ఆడపడుచు లేదు, పిల్ల లేదు. ఒళ్ళు కాలిపోతుంటే ముందురోజే మా ఆయనా వాళ్ళూ కలిసి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. పెరట్లో నులకమంచం ఖాళీగా ఉంది. కింద బాతు ఈకలున్నాయి.

పిల్ల బతికింది. పన్నెండు రోజులు కళ్ళు తెరవలేదు, తెరిచాక నెల పైన మాట రాలేదు, మాట వచ్చాక కుడిచెయ్యి రాలేదు. ఆసుపత్రి వరండాలో నేను డాక్టరమ్మని అడిగాను, ఆ రోజే చెప్పి ఉంటే అని. ఆవిడ నా పక్కన నేల మీద కూర్చున్నారు. ఫలితం మన చేతికి వచ్చేసరికే దోమ కుట్టేసి ఉంటుందండీ, టీకా వేసినా పనిచేయడానికి వ్యవధి లేదు, అన్నారు. అది నిజమో, నా మీద జాలో ఇప్పటికీ తెలియదు. ఎంత లెక్క వేసినా కొన్నిసార్లు అలా తేలుతుంది, కొన్నిసార్లు ఇలా. వేసి వేసి అలిసిపోయాను.

మా ఊరివాళ్ళు నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. నీ పిల్లకి వేయించుకున్నాక మా పిల్లలకి ఆపించావు అన్నారు. దేవుడి దయో మరొకటో, ఆ ఏడు మా ఊళ్ళో ఎవరికీ జ్వరం రాలేదు. బాతుల నర్సమ్మ అనడం మాత్రం అందరూ మానేశారు.

డాక్టరమ్మ నన్ను మాన్పించలేదు. దొడ్డి కొనసాగిస్తానన్నారు, ఒక్కటే షరతు పెట్టారు: బాతు చచ్చినా, కుంటినా, కొత్తది వచ్చినా అదే రోజు నోటుబుక్కులో రాయాలి, తప్పు జరిగితే తప్పు జరిగిందని రాయాలి. నాకు రాదండీ అని అప్పుడు చెప్పాను. ముందే చెప్పాల్సింది అనలేదావిడ, మా చిన్నదాన్ని పిలిచి, అమ్మకి నేర్పుతావా అని అడిగారు. ఏడేళ్ళది నాకు పంతులైంది. సాయంత్రాలు గుమ్మంలో పలక పెట్టి, సున్నా చుట్టడం రాకపోతే నా వేలు పట్టుకుని చుట్టించి, తప్పయితే వాళ్ళ టీచరు లాగే పుల్ల చూపించేది. దాని చేతిని చూస్తూ రాసేదాన్ని, టీకా పడిన చేతిని. నా పేరు రాయడం వచ్చిన తర్వాత వారానికే దొడ్లో ఒక బాతు తెగులుతో పోయింది. నోటుబుక్కు తీసి, అంకె వేసి, పక్కన "చచ్చిపోయింది" అని రాశాను. రాయడానికి అరగంట పట్టింది. చెమటలు పోశాయి. మా అత్తగారు నేర్పిన మర్యాదని ఆ రోజు వదిలేశాను.

ఆ దొడ్డి ఇంకో నాలుగేళ్ళు నడిచింది. తర్వాత డాక్టరమ్మకి బదిలీ అయింది, కొత్తవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి మానేశారు. వరి మళ్ళన్నీ రొయ్యల చెరువులైపోయాయి. చెరువులో బాతుని దిగనివ్వరు, చెరువుల మీద కొంగ వాలితే టపాకాయలు కాలుస్తారు. మా మంద కూడా ఒక వేసవిలో మొత్తం అమ్మేశాం. మా ఆయన పోయాక నేను గుడివాడలో మా చిన్నదాని దగ్గరికి వచ్చేశాను. దాని పిల్లలకి ఈ టీకా ఏడాది నిండకముందే ఆశాకార్యకర్త ఇంటికొచ్చి పిలిచి మరీ వేయించింది. పుస్తకంలో టిక్కు పెట్టి, సంతకం చేయండి మామ్మగారూ అంది. ఇంత తేలికైపోయింది. ఇది ఎవరికి అందాలో తేల్చడానికి ఒకప్పుడు ఎన్ని రెక్కలు గుచ్చామో, ఏ పిల్ల పేరు ముందు రాయాలో అని ఎన్ని గుండెలు ఆగాయో ఇప్పుడెవరికీ తెలియనక్కర్లేదు. తెలియకపోవడమే మంచిది. అయినా ఎందుకో, అంత తేలిగ్గా సంతకం పెట్టబుద్ధి కాలేదు నాకు.

మొన్న మోపిదేవి వెళ్ళింది మేనకోడల్ని చూడటానికే. గుడి వీధిలో కొబ్బరికాయలూ పూజసామానూ అమ్మే కొట్టు దానిది. కుడిచెయ్యి సన్నగా ఒళ్ళో పెట్టుకుని, అన్నీ ఎడంచేత్తోనే అందిస్తుంది. దేవుడి సామాను ఎడంచేత్తో ఇస్తే జనం మొహం చిట్లిస్తారు కదా, అందుకని ప్రతి మనిషికీ ఇస్తూ ఇస్తూనే ఒక మాట చెబుతుంది. నేను బల్ల మీద కూర్చున్న గంటలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఒకావిడ పళ్ళెం తీసుకోకుండా పక్క కొట్టుకి వెళ్ళిపోయింది. మేనకోడలు నా వైపు తిరిగి, పోనీలే అత్తయ్యా, ఆవిడ మొక్కు ఆవిడది అని నవ్వింది.

ఉంగరం మార్చానని అందరికీ తెలుసు గానీ, దివిసీమ దోమ సంగతి తెలిసీ పదకొండు రోజులు దాచానని మాత్రం దానికి నేనెప్పుడూ చెప్పలేదు. మా ఆడపడుచుకీ చెప్పలేదు, పోయిన మా ఆయనకీ చెప్పలేదు. డాక్టరమ్మ కూడా ఎవరికీ చెప్పలేదని ఇన్నేళ్ళ మీద అర్థమైంది. తప్పు జరిగితే తప్పు జరిగిందని రాయమన్నారావిడ. బాతుల సంగతులన్నీ రాశాను గానీ ఆ పదకొండు రోజులూ ఏ నోటుబుక్కులోనూ లేవు. ఇదిగో, ఇప్పుడు రాశాను. మేనకోడలు కొట్లో బేరాలు లేనప్పుడు పుస్తకాలు చదువుతుంది, నా కంటే చాలా బాగా చదువుతుంది. చదివితే చదవనీ.

వచ్చేటప్పుడు గుడికి వెళ్ళి రమ్మని నాకూ ఒక పళ్ళెం సర్దింది, కాయా, పువ్వులూ, అగరొత్తులూ. డబ్బులు తీయబోతే కసిరింది. పళ్ళెం ఎడంచేత్తో చాపి, అత్తయ్యనన్న సంగతి మరిచిపోయి, అలవాటుకొద్దీ నాకూ అదే మాట చెప్పింది.

"ఎడంచెయ్యని ఏమీ అనుకోకండమ్మా."

నేను రెండు చేతులూ పట్టి అందుకున్నాను.